మర్ఖేల్: ఒక తాలూకా, రెండు ప్రభుత్వాల లెక్క

మర్ఖేల్ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకాకు చెందిన గ్రామము. 1956 నవంబరు 1కి ముందు ఈ ప్రాంతమంతా హైదరాబాదు రాష్ట్రంలో ఉండెడిది. ఆ నాడు దెగ్లూర్ తాలూకా నుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినారు. మిగిలిన తాలూకా బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు చేరినది. ఆ సర్కిళ్ళు నేడు తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో ఉన్నవి. గీతకు ఇరువైపులా అదే నల్లరేగడి, అవే పంటలు, అవే వియ్యాలు.

భాషను బట్టి గీసిన ఈ గీత ఇంటి ఖర్చును కూడా వేరుచేయునని 2018 తరువాతనే బాగుగా తెలిసివచ్చినది. ఆ ఏడాది జనవరి 1 నుండి తెలంగాణ రైతులకు 24 గంటల ఉచిత విద్యుత్తు, మే నుండి రైతుబంధు కింద ఎకరాకు, పంటకు 4,000 రూపాయలు ఇచ్చినారు. 2019లో అటు వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలైనది. ఇటు సంజయ్ గాంధీ నిరాధార్ యోజన కింద 600గా ఉన్న మొత్తము అదే ఏడాది 1,000కి చేరినది. ఆ రోజులలోనే నాందేడ్ జిల్లా సరిహద్దు గ్రామస్థులు కొందరు తమ ఊళ్ళను తెలంగాణలో కలపమని కోరినారు. దానిని భాషాభిమానమని కొందరు వ్రాసినారు గాని, అడిగినవారిలో మరాఠీ మాతృభాషగా గలవారూ ఉన్నారు. అది పాసుపుస్తకం లెక్క.

తరువాత మహారాష్ట్ర కూడా కదిలినది. 2023లో నిరాధార్ మొత్తము 1,500 అయినది. 2024 ఏప్రిల్ నుండి ఏడున్నర హెచ్.పి. వరకు పంపులకు ఉచిత విద్యుత్తు, జూలై నుండి లాడకీ బహీణ్ కింద అర్హులైన స్త్రీలకు నెలకు 1,500 వచ్చినవి. అయినను భూమి గలవారి మధ్య అంతరము పెద్దది. 2025లో తెలంగాణ ప్రకటించిన రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000, ఐదెకరాలకు 60,000. మహారాష్ట్ర నమో శేత్కరీ నిధి ఎన్ని ఎకరాలున్నను కుటుంబానికి 6,000 మాత్రమే. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 ఇరువైపులా ఒకటే.

కౌలుదారు సంగతి వేరు. రైతుబంధు పట్టాదారునికే అందినది. నమో నిధి కూడా భూమి రికార్డును బట్టియే అందును. దున్నినవాని పేరు రెంటిలోను లేదు. కూలీకి మాత్రము 2025-26లో ఉపాధి హామీ దినవేతనం మహారాష్ట్రలో 312, తెలంగాణలో 307; ఈ ఒక్కచోట మనవైపే ఐదు రూపాయలు ఎక్కువ! ఆ ఏడాదే తెలంగాణ భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏటా 12,000 ప్రకటించినది. ఇటు వారికి అటువంటి పథకం లేదు.

పెళ్ళిళ్ళ వలన మరొక చిక్కు. కల్యాణలక్ష్మి సాయము 1,00,116 రూపాయలు. వధువు తెలంగాణ నివాసి కావలెను. బిచ్కుంద పిల్ల మర్ఖేల్ కోడలైతే పుట్టింటివారు అడుగవచ్చును. మర్ఖేల్ పిల్ల బిచ్కుంద కోడలైతే ఆ దారి లేదు. లాడకీ బహీణ్‌కు పైరాష్ట్రపు కోడలి విషయమున భర్త జన్మ ధ్రువపత్రము, బడి టీసీ లేక నివాస ధ్రువపత్రము చెల్లును. కనుక ఆ టీసీలను ఇండ్లలో భద్రపరచుకొనవలెను.

బస్సు టిక్కెట్టులోను ఇదే తీరు. 2023 మార్చి నుండి ఎస్టీ బస్సులో స్త్రీలకు సగం ఛార్జీ మహారాష్ట్ర హద్దు వరకే. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ఇచ్చిన ఉచిత ప్రయాణం అక్కడి చిరునామా గల స్త్రీలకే. కనుక బిచ్కుందలోని అక్కను చూడబోవు మర్ఖేల్ చెల్లెలు హద్దు వరకు సగము, అటుపైన పూర్తి ఛార్జీ చెల్లించును.