పాత కారు ఎవరి చేతికి?



మా అత్తగారి ఇత్తడి బిందె ఒకటి ఉండేది. పెళ్ళిలో పుట్టింటివారు సారెలో పెట్టింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరూ, ఊరి పేరూ కొట్టి ఉండేవి. అటక మీద నల్లబడి పడివుంటే, పండక్కి మెరుగు పెట్టిద్దామని బజారులో ఒక దుకాణంలో ఇచ్చాను. మోటారు చక్రానికి పట్టి అద్దంలా చేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే పేరు లేదు! వేలితో తడిమితే ఎక్కడో రెండు చుక్కలు తగులుతున్నాయంతే. అతని తప్పేముంది చెప్పండి. మెరవాలన్నాను, మెరిపించాడు. పేరు జాగ్రత్త అని నేను చెప్పలేదు.

కార్ల సంగతి చెబుతానని పిలిపించుకుని బిందె సంగతి మొదలుపెట్టిందేమిటని అనుకుంటున్నారేమో. రెండూ ఒకటే. షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన తాతగారి నాటి కారును మళ్ళీ రోడ్డెక్కిద్దామనే ముచ్చట ఇప్పుడు చాలా ఇళ్ళలో వినబడుతోంది. వెంటనే వచ్చే తగాదా, మనమే విప్పుకుని చేసుకుందామా, వర్క్‌షాపు వాడికి అప్పజెబుదామా అని. మగవాళ్ళు డబ్బు లెక్క వేస్తారు. ఇంట్లో చేసుకుంటే ఇంత మిగులుతుంది, షాపులో ఇస్తే ఇంత అవుతుంది అని. కాని చరిత్రలోకి తొంగిచూస్తే ఈ తగాదాకు వేరే లెక్క ఉన్నట్టు కనబడుతుంది.

ఆ మాటకొస్తే ఈ సమస్య కారుతో పాటే పుట్టింది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకు చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. సుమారు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం మోటారు బండి నడవటం లోకంలో అదే మొదలు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసుకుంది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. కాని గొలుసు పాడైనప్పుడు బ్రుక్సాల్ ఊళ్ళో కమ్మరి దగ్గరికే వెళ్ళింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలుముక్క కొట్టించింది. పిన్నుతో పోయేది తను, కొలిమి కావలసింది కమ్మరి. ఎక్కడ తన చెయ్యి ఆపాలో ఆవిడకు తెలుసు. ఆ తెలివి మన వంటింట్లోనూ ఉంది కదా! చింతపండు పెట్టి తోముకునేది మనం, కళాయి పూయవలసివస్తే కళాయివాడు.

ఇక అసలు కథ. ఇది ఇంగ్లండు, వేల్స్ దేశాలలో జరిగిన రెండు కార్ల కథ. రెండూ 1920ల నాటివి, రెండూ వేగానికి పేరుపడ్డవి, రెండిట్లోనూ నడిపే మనిషి ప్రాణం పోయింది. ఒకటి మట్టిలోకి వెళ్ళింది, రెండోది వర్క్‌షాపుకి వెళ్ళింది.

మొదటి కారు పేరు బాబ్స్. ఆడపిల్ల పేరులా ముద్దుగా ఉంది కాని, బండి మాత్రం రాక్షసి. లూయీ జ్బొరొవ్‌స్కీ అనే కోటీశ్వరుడు తన కెంట్ ఎస్టేటులో దాన్ని కట్టించాడు. అందులో పెట్టిన ఇంజను కారుది కాదు, విమానానిది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్ళు ఇరవై వేలకు పైగా తయారుచేసిన లిబర్టీ ఇంజను. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. మన అంబాసిడర్ ఇంజను ఒకటిన్నర లీటరు కదా, ఇటువంటివి పద్ధెనిమిది కలిపితే అది! 1924లో జ్బొరొవ్‌స్కీ ఇటలీలో మోంజా పందెంలో చనిపోయాడు. ఆ బండిని 125 పౌన్లకు కొన్నవాడు జె.జి. పారీ థామస్. లేలండ్ కంపెనీలో ఛీఫ్ ఇంజనీరుగా చేసి, ఆ ఉద్యోగం వదిలి, బ్రూక్‌లాండ్స్ పందెం బాట పక్కనే ఇల్లు పెట్టుకుని ఉన్న మనిషి. బండిని తన తెలివితో మార్చి, 1926 ఏప్రిల్లో వేల్స్‌లోని పెండైన్ ఇసుకతీరం మీద గంటకు 171 మైళ్ళు తోలాడు. అంటే సుమారు 275 కిలోమీటర్లు. భూమి మీద అంత వేగంగా అప్పటికి ఎవరూ పోలేదు.

1927 ఫిబ్రవరిలో మాల్కమ్ కాంప్‌బెల్ అదే తీరం మీద ఆ రికార్డు దాటేశాడు. మార్చి 3న థామస్ మళ్ళీ బాబ్స్ ఎక్కాడు. ఆ పరుగులోనే బండి తల్లకిందులైంది, ఆయన పోయాడు. ఆయన శరీరాన్ని బ్రూక్‌లాండ్స్ దగ్గర బైఫ్లీట్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. బాబ్స్‌ను అక్కడే పెండైన్ ఇసుకలో గొయ్యి తీసి పూడ్చేశారు. మనిషిని మింగిన బండి మళ్ళీ కళ్ళబడకూడదని కాబోలు.

రెండో కారు బెంట్లీ కంపెనీది. ఓల్డ్ నంబర్ వన్ అంటారు. ఫ్రాన్స్‌లో ఇరవై నాలుగు గంటల పాటు ఆగకుండా సాగే లెమాన్ పందెంలో 1929లో ఒకసారి, 1930లో ఒకసారి గెలిచింది. రెండుసార్లూ నడిపినవారిలో వూల్ఫ్ బర్నాటో ఉన్నాడు. ఇలాంటి కారు ప్రతి పందానికీ ముందూ వెనకా వర్క్‌షాపులో ఉంటుంది. అరిగిన భాగం తీస్తారు, కొత్తది వేస్తారు. పందెం గెలవాలి కాబట్టి అదే ధర్మం కూడా. 1932 నాటికి దానికి పాత ఇంజను తీసి ఎనిమిది లీటర్ల ఇంజను పెట్టారు. ఆ ఏడు బ్రూక్‌లాండ్స్‌లో ఐదువందల మైళ్ళ పందెంలో క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా కారు గట్టు మీది నుంచి ఎగిరి అవతల పడింది. డన్‌ఫీ మరణించాడు. ఈ కారును ఎవరూ పూడ్చలేదు. మళ్ళీ పనివాళ్ళ చేతికిచ్చారు. బర్నాటో కోసం పైకప్పు గల కారుగా మారి, షోకుగా రోడ్డెక్కింది.

ఏళ్ళు గడిచాయి. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు లెక్చరరు, ఉత్తర వేల్స్‌లోని కొండ ఊరివాడు, బాబ్స్‌ను తవ్వి తీస్తానన్నాడు. అది సులభంగా జరగలేదు. ఆ తీరం అప్పటికి మిలిటరీవారి అధీనంలో ఉంది. అనుమతి కావాలి. థామస్ బంధువుల ఒప్పుదల కావాలి. సమాధిని తవ్వటమేమిటని ముఖం చిట్లించినవాళ్ళూ ఉన్నారు. నాకు వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయాలని లేదు. మన ఊళ్ళో అయినా అలాగే అంటారు. సరే, చివరికి తవ్వారు. నలభై రెండేళ్ళు ఉప్పుగాలి ఇసుకలో ఉన్న ఇనుము ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైరేకులు చాలామట్టుకు తినేసిపోయాయి. కాని యంత్రభాగాలు చాలా పనికొచ్చే స్థితిలో దొరికాయి.

ఆయన దాన్ని పెద్ద వర్క్‌షాపుకి ఇవ్వలేదు. తన ఊరికి తీసుకుపోయి తనే మొదలుపెట్టాడు. దాదాపు పదిహేనేళ్ళు పట్టింది! పదిహేనేళ్ళంటే ఒక పిల్ల పుట్టి హైస్కూలు పూర్తిచేసే కాలం. ఏ వర్క్‌షాపు వాడూ ఒక బండిని అంతకాలం పెట్టుకోడు. పెట్టుకుంటే షెడ్డు అద్దె, మనుషుల జీతాలు ఎవరిస్తారు? పనివాడికి గంట అంటే డబ్బు. అందువల్ల తుప్పుపట్టిన భాగాన్ని మూడు రోజులు నూనెలో నానబెట్టి, గీకి, నిలబెట్టే కన్నా కొత్తది చేసి వేయటమే అతనికి లాభం. మోసమనటంలేదు నేను. అతని లెక్క అది. ఇంట్లో చేసుకునేవాడికి గంటకు ఖరీదు లేదు. కాబట్టి పాత ముక్కను బతికించే ఓపిక వాడికే ఉంటుంది.

ఆ ఓపిక వల్ల ఒక చిత్రం జరిగింది. థామస్ చావుకు కారణం, బండి పక్కన బయటికి తిరిగే గొలుసు తెగి ఆయన్ని కొట్టటమేనని నలభై ఏళ్ళకు పైగా అందరూ చెప్పుకున్నారు. కారు బయటపడి, దాని భాగాలు చూశాక ఆ కథ నిలవలేదు. వెనక కుడి చక్రం దెబ్బతినటం వల్లే బండి తిరగబడి ఉండవచ్చునని ఇప్పుడు అంటున్నారు. పాత ముక్కలు ఉన్నాయి కాబట్టి సాక్ష్యం చెప్పాయి. గుట్టగా పోసి తుక్కు కొట్లో వేసి, కొత్తవి బిగించి ఉంటే ఆ చక్రాన్ని అడిగేదెవరు?

ఇక ఓల్డ్ నంబర్ వన్ సంగతి. 1990లో దాన్ని కోటి పౌన్లకు అమ్మటానికి బేరం కుదిరింది. కొంటామన్న కంపెనీ తరవాత వెనక్కి తగ్గి, ఇది ఓల్డ్ నంబర్ వన్నే కాదు పొమ్మంది. వ్యవహారం లండన్ హైకోర్టుకెక్కింది. జస్టిస్ ఆటన్ విచారించారు. ఒక్కొక్క భాగం ఎప్పటిదో లెక్కతీశారు. 1929లో గెలిచిన కారు తాలూకు చెప్పుకోదగ్గదేదీ అందులో మిగల్లేదు. 1930 నాటిదానిలో పెడల్ షాఫ్టు, గేరుబాక్సు పైకవచం, స్టీరింగు కాలమ్ మాత్రం ఉన్నాయని తేలింది. వంట్లో మూడెముకలు మిగిలిన మనిషి అన్నమాట! అయినా జడ్జిగారు అమ్మినవారి పక్షానే తీర్పిచ్చారు. ఎందుకంటే మార్పులన్నీ ఒకదాని తరవాత ఒకటి వరసగా, కారు బతికివుండగానే జరిగాయి. మధ్యలో తెగలేదు. ఆ పేరు నాదే అని చెప్పుకోగల కారు లోకంలో ఇంకొకటి లేదు. కాబట్టి ఆ పేరు దీనిదే.

తీర్పు న్యాయమే అనిపిస్తుంది. గోదావరిలో నిన్నటి నీళ్ళు ఇవాళ లేవు, అయినా గోదావరే. కాని ఒక్కటి గమనించండి. ఆ పేరును నిలబెట్టింది ఇనుము కాదు, కాగితాలు. ఎప్పుడు ఏ భాగం మార్చారో రాతలూ సాక్ష్యాలూ ఉన్నాయి కాబట్టి నిలబడింది. మన ఇళ్ళలో ఆ కాగితాలేవీ? బిల్లు కూడా దాచం.

మన దేశంలోనూ ఈ మాటకిప్పుడు చట్టం తోడు వచ్చింది. 2021లో కేంద్రప్రభుత్వం పాతకాలపు వాహనాలకు విడిగా రిజిస్ట్రేషను నియమాలు పెట్టింది. యాభై ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచాలి. అంటే షాపు వాడు మోజుపడి కొత్త డీజిల్ ఇంజను పెట్టేస్తే, మెరుపు ఎంత ఉన్నా ఆ గౌరవం దక్కదు.

అలాగని అన్నీ ఇంట్లోనే అనటం మొండితనం. హైదరాబాదులో చౌమహల్లా పాలెస్‌కి వెళ్ళినవాళ్ళు పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసేవుంటారు. 1912 నాటిది, నిజాముగారి సింహాసనం కారు. అటువంటిది ఎవరంటే వాళ్ళు పానా పుచ్చుకుని విప్పేది కాదు. మామూలు ఫియట్, హెరాల్డ్ అయినాసరే, సిలిండర్ బోరింగు, క్రాంకు షాఫ్టు గ్రైండింగు మిషను ఉన్నవాడి పని. క్రోమ్ పూత ఆసిడ్‌ల వ్యవహారం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికే పోవద్దు. బ్రేకులు మాత్రం మీవాళ్ళకెంత చేతనైనా, తెలిసిన మెకానిక్కు చూసి సరే అన్నాకే బండి వీధిలోకి తీయనివ్వండి. ఈ ఒక్క విషయంలో నేను గయ్యాళినే.

విప్పటం, కడగటం, తుడవటం, ఏది ఎక్కడిదో రాసుకోవటం, సీట్ల గుడ్డ కుట్టటం, ఇవి ఇంటి పనులు. వీటిలో చివరి రెండూ మగవాళ్ళ కంటే మనకే బాగా వచ్చు. విప్పకముందు ప్రతి వైపు నుంచీ ఫొటో తీయించండి. విప్పిన మరలను హార్లిక్స్ సీసాల్లో వేసి, ఏ భాగానివో చీటీ అంటించండి. పాత సీటు గుడ్డలో ఒక జానెడు ముక్క కత్తిరించి దాచండి, రంగు మళ్ళీ కలపటానికి పనికొస్తుంది. షాపుకి పంపేటప్పుడు ఏది ముట్టుకోకూడదో కాగితం మీద రాసి, కింద అతని చేత సంతకం పెట్టించుకోండి. డాష్‌బోర్డు మీద మీ మామగారు గీసుకున్న గీత ఉంటే, అది కూడా అందులో రాయండి. తీసేసిన భాగాలు ఎంత పనికిరానివైనా సరే, ఒక గోనెసంచిలో వేసి తిరిగి ఇమ్మనమని బేరం ముందే మాట్లాడుకోవాలి. పని అయ్యాక అడిగితే తుక్కు కొట్టుకి వెళ్ళిపోయాయంటారు.