తండ్రి ఆపిన చదువు, కొడుకు రాసిన సైన్సు

గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్ చదివిన ఒక తెనాలి కుర్రాడు, విజయనగరంలో ఫిజిక్సు డిగ్రీ తీసుకుని, ఎమ్మెస్సీకి కాశీ వెళ్లాడు. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. చదువు సగంలోనే ఆగింది. ఆ కుర్రాడే కొడవటిగంటి కుటుంబరావు. కథకుడిగా, 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ' సంపాదకుడిగా ఆయన్ని ఎరగనివారు లేరు. ఆయన సైన్సు వ్యాసాలూ రాశాడని గుర్తున్నవారు తక్కువ.

ఆగిన చదువును కొడుకు అందుకున్నాడు. రోహిణీప్రసాద్ (1949–2012) బొంబాయి భాభా అణుపరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. సితార్ కూడా వాయించేవాడు. ఉద్యోగం అణువులతో అయినా, తెలుగులో రాయడానికి కూర్చుంటే నక్షత్రాల నుంచి జీవకణం దాకా దేన్నీ వదల్లేదు. 'విశ్వాంతరాళం', 'మానవపరిణామం', 'మనుషులు చేసిన దేవుళ్ళు' అన్న పేర్లు చూస్తేనే ఆయన దారి తెలుస్తుంది. ఒక్కోచోట సమాచారం దట్టిస్తాడు, నిజమే. కానీ పాఠకుణ్ణి పసివాణ్ణి చేసి మాట్లాడడు. అది తండ్రి నుంచి వచ్చిన గుణమే అనిపిస్తుంది.

ఆయన రాసిన వాటిలో పరిణామం ఒకటి. ఆ మాట అనగానే కోతి బొమ్మ గుర్తొస్తుంది మనకు. గుంటూరు, ప్రకాశం పత్తిరైతుకు ఆ బొమ్మ అక్కర్లేదు. 1980ల్లో పత్తిచేలో శనగపచ్చ పురుగు మీద ఒకే రకం మందు పదేపదే కొట్టారు. తట్టుకోలేని పురుగులు చచ్చాయి. ఏ కొద్దిపాటివో తట్టుకుని మిగిలాయి. పిల్లల్ని పెట్టింది అవే. కొన్ని తరాలు తిరిగేసరికి చేనంతా మందుకు లొంగని పురుగే. రైతు మాత్రం మోతాదు పెంచాడు, రెండు మందులు కలిపి కొట్టాడు, అప్పు చేశాడు. 1987–88లో ప్రకాశం జిల్లాలో పత్తిరైతుల ఆత్మహత్యల వెనక ధర, వాన, వడ్డీలతోపాటు ఈ పురుగూ ఉంది. డార్విన్ చెప్పిన ప్రకృతివరణం అక్షరాలా ఇదే. దుకాణదారు చెప్పిందే వేదమైన ఊళ్లో ఈ ముక్క తెలుగులో, రైతుకు అర్థమయ్యేలా చెప్పేవాడు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మిర్చి రైతుదీ ఇదే కథ. తామరపురుగు వచ్చిన ప్రతిసారీ కొత్త మందు పేరు వినిపిస్తుంది. పురుగు ఎందుకు లొంగడం లేదో చెప్పేవారే కరువు.

అందుకే ఈ తండ్రీకొడుకుల సైన్సు పుస్తకాలు తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు గ్రంథాలయాల అరల్లో ఉండాలి. మీ ఊరి గ్రంథాలయంలో అడగండి. లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి.