ఇంటి తయారీ సైకిల్ క్యారియర్

సైకిల్ వెనుక చక్రం మీద బరువు మోయడానికి పాత ఇనుప సామానుతో చేసుకునే చట్రం. 2016లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి ఏర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్లలో పాల క్యాన్లు, గడ్డిమోపులు, బట్టల మూటలు మోయడానికి పనికొస్తుంది.

తయారీ: పాత ఇనుప దుకాణంలో దొరికే 8 మి.మీ. సలాకలు, విరిగిన కుర్చీల పైపులు చాలు. చట్రం కాళ్ల చివరలను సుత్తితో చదును చేసి, రంధ్రం వేసి, వెనుక ఇరుసుకు నట్టుతో బిగిస్తారు. ముందు భాగాన్ని సీటు కింది గొట్టానికి క్లాంపుతో పట్టిస్తారు. పక్కకు ఊగకుండా ఏటవాలుగా మరో సలాక వెల్డింగ్ చేస్తారు. జింకు పూత ఉన్న పైపైతే ముందు ఆ పూతను అరగదీయాలి. వెల్డింగ్‌లో దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

బరువు అమరిక: బరువు ఇరుసుకు బాగా వెనక్కి జరిగితే ముందు చక్రం తేలిపోతుంది, పక్కన వేలాడే క్యాన్లు మరీ ముందుకొస్తే తొక్కేటప్పుడు మడమలకు తగులుతాయి. పాత ట్యూబును పొడవుగా కోసిన పట్టీలు సాగి బిగుస్తాయి కాబట్టి గతుకుల్లోనూ మూట వదులుకాదు.