పిలువని పేరంటము: కంప్యూటరు తెరపై సహాయపు చరిత్ర

కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తాకు తోచక చేయి ఆగినపుడు, యంత్రము తనంతట నోరు విప్పవలెనా, అడుగునంతవరకు ఊరకుండవలెనా? చిన్న ప్రశ్నవలె తోచును గాని, నలుబది ఏండ్లకు పైగా నిపుణులు దీనితో కుస్తీ పట్టుచున్నారు.

మొదట చెప్పుకొనదగినది వర్డ్‌స్టార్. 1978లో రాబ్ బార్నబీ రచించిన ఈ ప్రోగ్రాము మన కార్యాలయములలో సైతము ఎందరికో ప్రథమ గురువు. 64 కిలోబైట్లకు మించని జ్ఞాపకశక్తిగల యంత్రములపై పుట్టినది. మౌస్ లేదు, ప్రతి పనికి కంట్రోల్ మీటతో కలిపి అక్షరములు నొక్కవలసియుండెను. అందు సహాయమునకు సున్న మొదలు మూడు వరకు స్థాయిలు కలవు. మూడవ స్థాయిలో ఆజ్ఞల పట్టిక తెర పైభాగమును ఆక్రమించును. రెండవదానిలో ఆ స్థలము వ్రాతకే దక్కును. ఏది కావలెనో నిర్ణయము పనిచేయువారిదే. అంతకంటె మెచ్చదగిన ఏర్పాటు మరియొకటి. కంట్రోల్‌తో 'కె' నొక్కి వెంటనే రెండవ అక్షరము నొక్కినవారికి ఏ పట్టికయు కనబడదు. తడబడి ఒక్క క్షణము ఆగినచో, ఆ ఆజ్ఞల పట్టిక తెరపై విచ్చుకొనును. తెలిసినవారి దారికి అడ్డము రాదు, తెలియనివారిని ఒంటరిగా విడువదు. ఇంత మర్యాద తరువాతి గొప్ప యంత్రములకు చాలకాలము అబ్బలేదు.

1980లలో ఐ.బి.యం. సంస్థలో జాన్ కారల్ మొదలగువారు క్రొత్తగా నేర్చువారిని పరిశీలించిరి. వారు పుస్తకము చదువుటకు కూర్చుండరు. చేతిలోని పని ముగించుకొనవలెనని నేరుగా మీటలపై పడుదురు. మన సెక్షనులలో ఎవరికిని ఇది వింత కాదు.

1991లో ఆపిల్ సంస్థ తన 'సిస్టమ్ 7'లో చిత్రకథలలోని మాటల బుడగలవంటి సహాయమును ప్రవేశపెట్టెను. సంకల్పము మంచిదే. కాని దానిని మేల్కొలిపిన పిమ్మట బాణపుగుర్తు ఎచటికి పోయిన అచట ఒక బుడగ లేచును. ఒకరిని దారి అడిగిన వీథిలోనివారందరు బదులు చెప్పినట్లుండెను! 1995 నాటి విండోస్‌తో సర్వసాధారణమైన పసుపుపచ్చ చీటి ఈ పాఠమును గ్రహించినది. బాణము ఒక బొమ్మపై సుమారు అర సెకను నిలిచిననే అది రెండు మూడు మాటలు చెప్పును. బాణము కదలగానే మాయమగును.

అయినను మైక్రోసాఫ్ట్ సంస్థయే ఆఫీస్ 97లో కన్నులు త్రిప్పు కాగితపు క్లిప్పును కూర్చుండబెట్టెను. దీని వెనుక 1993లో ఎరిక్ హార్విట్జ్ బృందము ఆరంభించిన 'లుమియేర్' పరిశోధన కలదు. పనిచేయువారికి సహాయము ఎంత అవసరమో సంభావ్యతా గణితముతో ఊహించుట, అడ్డుపడుటవలన కలుగు నష్టమును గూడ లెక్కకట్టుట దాని ఆశయము. విపణికి వచ్చిన బొమ్మలో ఆ వివేకము కొంతయే మిగిలెను. జాబునకు సంబోధన వ్రాసినంతనే, 'ఉత్తరము వ్రాయుచున్నారా, సాయము చేయుదునా?' అను ధోరణిలో పలుకరించును. నూరవ జాబునకును అదే పలుకరింపు. ఇరువదియేండ్లు అధికార లేఖలు టైపుచేసిన స్టెనోగ్రాఫరునకు లేఖ వ్రాయు తీరు బోధింపబూనుట ఎంత చిన్నబుచ్చుట! లోపము బొమ్మ రూపములో లేదని నా తలంపు. అది ఎదుటివారిని గుర్తుంచుకొనలేదు. 2001లో, ఆఫీస్ ఎక్స్‌పీలో, పిలిచిననే వచ్చునట్లు దానిని అణచిరి. ప్రకటనలలో సంస్థయే దానిని పరిహసించెను. ఆఫీస్ 2007లో పూర్తిగా తొలగించిరి.

పసుపు చీటి మాత్రము నిలిచినది. కాని చేతిఫోనులలో దానికి చోటు తప్పినది. అచట బాణము లేదు. వ్రేలు తాకినంతనే పని జరిగిపోవును, పైగా వ్రేలే బొమ్మను కప్పివేయును. అందుచే క్రొత్త ప్రోగ్రాములు పలుమారు మొదటిదినముననే వరుసగా పాఠములు చూపుచున్నవి. వానిని త్రోసివేసి ముందుకుపోవువారు ఎందరో. విశ్రాంత ఉద్యోగులైన మన పెద్దలు తమకు తోచనపుడు మనుమని పిలుతురు. ఆ కుఱ్ఱవాడు వర్డ్‌స్టార్ పట్టికవలె క్షణమాగి చూచునో, ఫోను లాగికొని తానే నొక్కివేయునో, అది ఇంటింటికిని వేరు.