ష్రాప్‌నెల్ అనేది ఒకాయన ఇంటిపేరు

ఎక్కడ బాంబు పేలినా ఇంగ్లీష్ న్యూస్‌లో ఒక మాట కచ్చితంగా వినిపిస్తుంది: ష్రాప్‌నెల్. మన పేపర్లు దాన్నే "బాంబు శకలాలు" అని రాస్తాయి. ఎగిరొచ్చి తగిలిన ఇనుప ముక్క ఏదైనా ష్రాప్‌నెలే అనుకుంటాం. అసలు ఆ మాటకి ముక్కలతో సంబంధమే లేదు. అది ఒక బ్రిటిష్ ఆఫీసర్ ఇంటిపేరు.

హెన్రీ ష్రాప్‌నెల్ 1761లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఫిరంగి దళంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడే, 1784 ప్రాంతంలో, సొంత డబ్బు పెట్టి ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన ముందున్న ప్రాబ్లమ్ ఇది. అప్పటికే రేకు డబ్బాలో తుపాకీ గుండ్లు కూరి ఫిరంగితో కాల్చేవాళ్లు. కానీ డబ్బా ఫిరంగి నోటి దగ్గరే విచ్చుకునేది, గుండ్లు అక్కడి నుంచే చెల్లాచెదురయ్యేవి. దగ్గరున్నవాళ్లకి నరకం, దూరంగా ఉన్నవాళ్లకి ఏమీ కాదు.

ష్రాప్‌నెల్ ఏం చేశాడంటే, బోలు ఇనుప గోళంలో గుండ్లు నింపి, కొంచెం మందు పెట్టి, ఒక టైమ్ ఫ్యూజ్ తగిలించాడు. గోళం శత్రువు దాకా ఎగురుకుంటూ వెళ్లి, వాళ్లకి కాస్త ముందు గాలిలో విచ్చుకోవాలి. లోపలి మందు పని గోళాన్ని తెరవడం వరకే. గుండ్లు అదే వేగంతో ముందుకి దూసుకెళ్తాయి. బ్రిటిష్ ఆర్మీ దీన్ని 1803లో తీసుకుంది, నెపోలియన్ యుద్ధాల్లో బాగా వాడింది. 1814లో ఆయనకి ఏడాదికి 1200 పౌండ్ల పెన్షన్ ఇచ్చారు. 1842లో చనిపోయాడు. ఆ తర్వాత పదేళ్లకి గానీ ఆ గుండుకి అఫీషియల్‌గా ఆయన పేరు పెట్టలేదు.

ఇప్పుడు ట్విస్ట్ చూడండి. తర్వాత వచ్చిన పొడవాటి ష్రాప్‌నెల్ షెల్స్‌లో పై తొడుగు చాలాసార్లు దాదాపు పగలకుండానే మిగిలేది. తుపాకీ గొట్టంలా పనిచేసి లోపలి గుండ్లని ముందుకి వదిలేది, అంతే. అంటే ఈరోజు మనం ష్రాప్‌నెల్ అంటున్న తొడుగు ముక్కలు, ఒరిజినల్ ష్రాప్‌నెల్‌లో అసలు రాకూడని సరుకు!

మాట మారింది మొదటి ప్రపంచ యుద్ధంలో. సైనికులు కందకాల్లో దాక్కుంటే పైనుంచి గుండ్లు తలల మీద కురిసేవి. 1915లో ఫ్రెంచ్, బ్రిటిష్ సైన్యాలకి స్టీల్ హెల్మెట్లు రావడానికి ఇదొక పెద్ద కారణం. కానీ కందకాన్ని కూల్చాలంటే చిన్న గుండ్లు సరిపోవు. అందుకే తొడుగునే తునాతునకలు చేసే హై ఎక్స్‌ప్లోజివ్ షెల్స్ ఎక్కువయ్యాయి. ఆయుధం పక్కకి పోయింది, పేరు మాత్రం కొత్త ముక్కలకి అతుక్కుంది. కందకంలో కూర్చున్నవాడికి తగిలింది గుండా, తొడుగు ముక్కా అన్నదానితో ఏం పని?

డాక్టర్‌కి, పోలీసుకి మాత్రం పని ఉంది. శరీరంలోంచి గుండ్రటి గుండ్లు తీశారంటే ఎవడో కావాలని లోపల పెట్టాడని అర్థం. వంకరటింకర ముక్క అయితే అది తొడుగుది కావచ్చు. మేకులు, బాల్ బేరింగులు కూరిన బాంబు గురించి "ష్రాప్‌నెల్" అంటే పాత అర్థానికి చాలా దగ్గర. నా ఉద్దేశంలో మిగతా చోట్ల "శకలాలు" అనడమే కరెక్ట్. 1980లో వచ్చిన అంతర్జాతీయ ఆయుధాల ఒప్పందంలో మొదటి ప్రోటోకాల్ కూడా "ఫ్రాగ్మెంట్స్" అనే అంటుంది. ఎక్స్‌రేలో కనిపించని శకలాలతో గాయపరచడమే ప్రధాన పనిగా ఉన్న ఆయుధాల్ని అది నిషేధించింది. ప్లాస్టిక్ ముక్క ఒంట్లో ఉండిపోతే సర్జన్ ఎక్కడని వెతుకుతాడు?

మిగతా మాటలు త్వరగా చెప్పేస్తా. "స్ప్లింటర్" అంటే కర్ర పేడు. చెక్క ఓడల కాలంలో ఫిరంగి గుండుకంటే అది చీల్చిన పేళ్లకే నావికులు ఎక్కువ భయపడాల్సి వచ్చేది. పార్టీలో "స్ప్లింటర్ గ్రూప్" అంటే మనం "చీలిక వర్గం" అంటాం కదా, రెండు భాషలకీ ఒకే ఆలోచన వచ్చింది. "స్మిదరీన్స్" ఐర్లాండ్ నుంచి వచ్చింది, చివర ఉన్న "ఈన్" ఐరిష్‌లో చిన్నది అని చెప్పే తోక. వినడానికే సరదాగా ఉంటుంది కాబట్టి, మనుషులు చనిపోయిన వార్తలో సీరియస్ రిపోర్టర్ దాన్ని వాడడు.

"షార్డ్" అంటే పదునైన అంచున్న పెంకు. లండన్‌లో ఓ గాజు టవర్ కడతామంటే, చారిత్రక నగరం గుండెలో గాజు పెంకు దించుతున్నారని వారసత్వ సంస్థ విమర్శించింది. ఆ తిట్టే బిల్డింగ్ పేరైపోయింది, ద షార్డ్! నాలాంటి కోడర్లకైతే షార్డ్ అంటే డేటాబేస్‌ని కోసి వేరే వేరే సర్వర్లలో పెట్టిన ముక్క. అక్కడ ఏదీ పగలదు, పగిలితే మేనేజర్ నుంచి ఫోన్ వస్తుంది.

ఇక ష్రాప్‌నెల్ చివరికి ఎక్కడ తేలిందో తెలుసా? బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో జేబులో గలగలలాడే నాణేల్ని సరదాగా "ష్రాప్‌నెల్" అంటారు. అంటే మన చిల్లర.