గుండె జబ్బుల నివారణకు రోజువారీ అలవాట్లు: చరిత్ర

గుండె జబ్బును దూరంగా ఉంచే రోజువారీ అలవాట్లుగా నేటి వైద్యం చెప్పేవి ఇవి: పొగాకు మానడం, ఒళ్లు కదిలించడం, ఉప్పు, చెడు కొవ్వు తగ్గించి కూరగాయలు, పళ్లు, పప్పులు ఎక్కువగా తినడం, బరువును, రక్తపోటును, చక్కెరను అదుపులో పెట్టుకోవడం, కంటినిండా నిద్రపోవడం. ఇప్పుడు ఇంటింటా వినిపించే ఈ మాటలకు 1940ల చివరిదాకా గట్టి రుజువులు లేవు. బస్సు కండక్టర్లు, పోస్ట్‌మన్లు, పాడిరైతులు, వంట చేసే ఇల్లాళ్లు రోజూ ఎలా బతుకుతున్నారో ఏళ్ల తరబడి గమనించాకే అవి ఒక్కొక్కటిగా తేలాయి.

పూర్వరంగం

నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు వచ్చే నొప్పిని ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్ 1772లో వివరంగా వర్ణించాడు. రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకున్న ఒక రోగికి ఆ నొప్పి దాదాపు నయమైందని కూడా రాశాడు. ఆ చిన్న గమనికను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 20వ శతాబ్దం సగం గడిచేదాకా గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. వయసుతో రక్తపోటు పెరగడం సహజమేనని చాలామంది వైద్యులు నమ్మేవారు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై మరణించిన రోజు ఆయన రక్తపోటు 300/190. మూడేళ్ల తరవాత, 1948లో, గుండె పరిశోధనకు నిధులిచ్చే చట్టం ఆ దేశంలో వచ్చింది.

ఫ్రేమింగ్‌హామ్: ఊరంతా ఒక పాఠం

అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషులతో అధ్యయనం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్నవారిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్షిస్తూ, ఎవరికి జబ్బు వస్తుందో, ముందునుంచీ వారిలో ఉన్న తేడా ఏమిటో చూశారు. అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ గుండె జబ్బు ముప్పును పెంచుతాయని విలియం కానెల్ బృందం 1961లో ప్రకటించింది. ‘ముప్పు కారకం’ అనే భావన వైద్యంలో స్థిరపడింది ఈ పనితోనే. గుండెపోటు తలరాత అనుకునే రోజుల్లో, అది రాకముందే ఆనవాళ్లు కనిపెట్టవచ్చని, వాటిని మార్చవచ్చని ఆ ఊరివాళ్లు లోకానికి చూపించారు. తరవాత వారి పిల్లలు, మనవలు కూడా ఈ అధ్యయనంలో చేరారు.

బస్సు మెట్లు

ఒంటి కదలిక విలువను తేల్చినవి లండన్ రెండంతస్తుల బస్సులు. అప్పట్లో డ్రైవరు తన డ్యూటీలో దాదాపు 90 శాతం సేపు కూర్చునే ఉండేవాడు. అదే బస్సులో కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 దాకా మెట్లు ఎక్కేవాడు. ఇద్దరి జీతభత్యాల్లో, బతుకు తీరులో పెద్ద తేడా ఉండేది కాదు. జెర్రీ మోరిస్ బృందం 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన లెక్కల ప్రకారం డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండెపోట్లు బాగా తక్కువ. వచ్చినా అవి అంత తీవ్రంగా ఉండేవి కావు. కాలినడకన, సైకిలు మీద ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకూ కుర్చీలో కూర్చునే గుమస్తాలకూ మధ్య కూడా ఇదే తేడా కనిపించింది. మోరిస్ అక్కడితో ఆగలేదు. యూనిఫాం ప్యాంట్ల కొలతలు తెప్పించి చూసి, డ్రైవర్ల నడుములే పెద్దవని 1956లో వెల్లడించాడు. వ్యాయామాన్ని తనూ వదలని ఆయన 2009లో 99 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు వైద్యుడు పాల్ డడ్లీ వైట్ ఆ సంగతిని పత్రికల ద్వారా ప్రజలకు విడమరిచి చెప్పాడు. నడక, సైకిలు గుండెకు మేలని ఆయన జీవితమంతా ప్రచారం చేశాడు. రోజుకు 10,000 అడుగులు అన్న లెక్క మాత్రం 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరునుంచి పుట్టింది.

పొగ

రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ వైద్యుల పొగతాగే అలవాట్లను నమోదు చేయడం మొదలుపెట్టారు. మొదట తేలింది ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి. ఆ వెంటే గుండె మరణాలతో పొగకు ఉన్న సంబంధమూ బయటపడింది. 50 ఏళ్ల గమనిక ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం సిగరెట్ తాగేవారు సగటున 10 ఏళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు. 30 ఏళ్లకు మానితే ఆ పదేళ్లూ దాదాపు తిరిగి దక్కుతాయి. 60 ఏళ్లకు మానినా 3 ఏళ్లు దక్కుతాయి. ‘ఈ వయసులో మాని ఏం లాభం’ అనే పెద్దవాళ్లకు దీనికి మించిన జవాబు లేదు.

వంటిల్లు: ఉత్తర కరేలియా

అన్సెల్ కీస్ నాయకత్వంలో 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో తూర్పు ఫిన్లండు మగవాళ్లకు గుండె జబ్బు అతి ఎక్కువగా, గ్రీసులోని క్రీట్ దీవి వాళ్లకు అతి తక్కువగా కనిపించింది. తూర్పు ఫిన్లండులోని ఉత్తర కరేలియా పాడిపంటల సీమ. రొట్టెకు మందంగా వెన్న, చిక్కని పాలు, ఉప్పు దండిగా, మగవాళ్ల చేతిలో సిగరెట్. నడివయసులోనే ఇంటి పెద్దలు రాలిపోతుంటే తట్టుకోలేక ఆ ప్రాంత ప్రతినిధులు 1971లో ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు.

మరుసటి ఏడాది మొదలైన కార్యక్రమానికి సారథి పెక్కా పుస్కా అనే యువ వైద్యుడు. ఉపన్యాసాలతో పని కాదని ఆయనకు త్వరగానే అర్థమైంది. మార్తా అనే గృహిణుల సంఘంతో చేయి కలిపాడు. ఊరి ఆడవాళ్లు సాయంత్రాలు కూడి, అలవాటైన మాంసం కూరలోనే కొవ్వు మాంసం తగ్గించి దుంపలు, క్యారెట్లు కలిపి వండి, అక్కడే వడ్డించారు. తిన్నవాళ్లకు నచ్చింది. పాడిరైతుల్లో కొందరు బెర్రీ పళ్ల సాగుకు మళ్లారు. సుమారు నాలుగు దశాబ్దాల్లో అక్కడి పనిచేసే వయసు మగవాళ్లలో హృదయ ధమనుల జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఒక్కరి పట్టుదలకు ఊరు తోడైతే అలవాటు నిలుస్తుందని కరేలియా నేర్పింది.

ఉప్పు, కృత్రిమ కొవ్వు

32 దేశాల్లో 10,000 మందికి పైగా పరీక్షించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని 1988లో చూపించింది. వనస్పతిలో, దానితో చేసే బేకరీ సరుకుల్లో ఉండే ట్రాన్స్ కొవ్వుకు డెన్మార్క్ 2003లో చట్టంతో పరిమితి పెట్టింది. భారతదేశంలో ఆ పరిమితి 2022 జనవరి నుంచి 2 శాతం.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. తొలి గుండెపోట్ల ముప్పులో 90 శాతానికి పైగా 9 కారకాలతోనే ముడిపడి ఉందని అది తేల్చింది. వాటిలో చాలావరకు మార్చుకోగలిగినవే. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతాచోట్ల దాదాపు 59 ఏళ్లకని 2007లో వచ్చిన విశ్లేషణ చెప్పింది.

గుండె జబ్బు పట్నం జబ్బు, ఉన్నవాళ్ల జబ్బు అన్న నమ్మకాన్ని గోదావరి జిల్లాలు చెరిపేశాయి. అక్కడి 45 గ్రామాల్లో మరణాలను ఇంటింటా విచారించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి కారణంగా తేలాయి. మొత్తం మరణాల్లో వాటి వాటా 32 శాతం. గుండె జబ్బు ముప్పుల్లో ఒకటైన పొగాకును అదుపు చేసే చట్టం దేశంలో 2003లో వచ్చింది. బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిషేధం 2008 అక్టోబర్ 2 నుంచి అమలైంది.

నేటి సూచనలు

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గుండెను కాపాడే అలవాట్ల జాబితాలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో నిద్రను చేర్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, దుంపలే ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా, దాటకూడదు. కూరలో, చారులో వేసేదీ, ఊరగాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో ఉన్నదీ అంతా కలిపే ఆ చెంచా. తెలుగింట మార్పు మొదలవ్వాల్సిన చోటూ అదే. ఆ పని వండేవాళ్ల మీదే వదిలెయ్యకుండా, తినేవాళ్లంతా కలిసి తగ్గిద్దామనుకోవాలి. కరేలియా గెలిచిన దారి అదే.