కారు కింద నల్ల మచ్చ

అంబాసిడర్ మీద మనవాళ్ళ జోకులకి లెక్కలేదు. "కింద ఆయిల్ కారట్లేదంటే లోపల అయిపోయినట్టే" అన్నది అందులో పాతది. పాపం మెకానిక్కునో, ఉత్తర్‌పారా ఫ్యాక్టరీనో తిట్టుకునేవాళ్ళం గానీ, అసలు కథ వేరే ఉంది.

ఆ 1489 సీసీ పెట్రోల్ ఇంజను బ్రిటిష్ బీఎంసీ వాళ్ళ బి-సిరీస్. దానికి క్రాంక్‌షాఫ్ట్ వెనకవైపు, అంటే క్లచ్ పక్కన, రబ్బరు సీల్ అనేదే లేదు! షాఫ్ట్ మీద మరచుట్టులా ఒక గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ని లోపలికి నెడుతుంది. ఇంజను ఆపితే నెట్టేవాడు ఉండడు. అందుకే మచ్చ పార్కింగులోనే పడేది. అంటే అది బగ్ కాదండీ, డిజైనే! ఇదే కుటుంబంలోని ఎంజీబీ ఇంజనుకి 1964లో ఐదు బేరింగులు పెట్టినప్పుడు రబ్బరు సీల్ కూడా వచ్చింది.

మరి సీల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? తోళ్ళ నుంచి. జర్మనీలోని వైన్‌హైమ్‌లో 1849 నుంచీ తోలు వ్యాపారం చేస్తున్న ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ, 1929 మాంద్యంలో గిరాకీ పడిపోయి, తోలుతో సీళ్ళు చెయ్యడం మొదలెట్టింది. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజినీరు పేరు మీద దానికి 'సిమ్మరింగ్' అని పేరొచ్చింది. తోలు వేడికి ఎండిపోతుంది, మామూలు రబ్బరు నూనెకి ఉబ్బిపోతుంది. 1930లలో నూనెకి తట్టుకునే కృత్రిమ రబ్బరు వచ్చాకే ఈ చిక్కు విడిపోయింది.

తమాషా ఏంటంటే, మంచి సీల్ పెదవి కింద కూడా సన్నటి ఆయిల్ పొర ఉండాల్సిందే. లేకపోతే పెదవి కాలిపోతుంది. ఆ పెదవే ఆయిల్‌ని మళ్ళీ లోపలికి తోడుతుంటుంది. పాత గాడి చేసిన పనే, కాకపోతే కంటికి కనపడదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మెమరీ లీకైతే రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేసే బాపతు మనం. గ్యారేజీలోనూ అంతే, "సీల్ మార్చెయ్ అన్నా" అనేసి ఫోన్ చూసుకుంటాం. సీల్ ఖరీదు తక్కువే. కానీ వెనక సీల్ అందాలంటే మామూలుగా గేర్‌బాక్స్ దింపాలి. బ్రీదర్ గొట్టమో, పీసీవీ వాల్వో మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగుంటే, కొత్త సీలూ కారుతుంది. షాఫ్ట్ మీద పాత పెదవి గాడి కోసేసి ఉన్నా అంతే. నెలకే మళ్ళీ మచ్చ పడితే "వీడికి పని రాదు" అని మెకానిక్ మీద పడతాం. దింపిన కష్టం అతనిది, పోయిన పేరూ అతనిదే.

ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే మూలకారణం అంటూ పది స్లైడ్లు చేస్తాం కదా. ఈసారి గ్యారేజీలో ఒక్క ప్రశ్న అడుగుదాం: "అన్నా, ఎందుకు కారుతోంది?" అది వెతకడానికి అతను ఇంకో గంట తీసుకుంటే, ఆ గంటకీ డబ్బులిద్దాం.